సబ్బు రుచి

"ఉప్పు," అన్నాడు కాశీనాథం, కంచం ముందుకు తోసి.

ఆ ఒక్క ముక్కే. ఎక్కువైందో తక్కువైందో చెప్పలేదు. సుమిత్రమ్మ కూరగిన్నె చేతపట్టుకుని ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది. తక్కువైతే చిటికెడు చల్లితే పోతుంది, ఎక్కువైతే మళ్ళీ పొయ్యి ఊదాలి. ఏదో ఒకటి తేల్చి చెబితే ఆ పని చేస్తుంది కదా మనిషి. ఆయన తేల్చలేదు. లేచి చెయ్యి కడుక్కుని, భుజం మీది తువ్వాలతో తుడుచుకుంటూ దుకాణంలోకి వెళ్ళిపోయాడు. తేల్చే పని అత్తగారు కొండవ్వ తన మీద వేసుకుంది.

"సముద్రంల ముంచి తీసినట్టున్నది బీరకాయ. ఓ పిల్లా, నీ నోట్లె నాలుకున్నదా, తోలుముక్కున్నదా?"

కొండవ్వ జన్మలో సముద్రం చూడలేదు. ఆమె ఎరిగిన లోకం సిద్దిపేట బజారులో మొదలై కొమురవెల్లి జాతర దగ్గర ఆగిపోతుంది. అయినా కోడలిని అనడానికి సముద్రం చూసి ఉండాలని ఎక్కడా లేదు కదా. అత్త తిని లేచాక, గిన్నె తోమే ముందు, అదే కూర సుమిత్రమ్మ తనూ ఒక ముద్ద తిని చూసింది. ఏమీ లేదు. తడిగుడ్డ నమిలినట్టుంది. వేడి తెలుస్తోంది, మిరపకారం చెవుల దాకా తెలుస్తోంది, ఉప్పు మాత్రం వేసిందో లేదో నాలుక చెప్పదు. చెప్పదు కాబట్టి గుర్తుపెట్టుకోవాలి. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు తోడి, బర్రెకు కుడితి పెట్టి, పెరట్లో కార్ఖానాలో బూడిద జల్లించి, కడాయి కింద మంట చూసి, పరుగున వచ్చి కూర కలిపే మనిషి ఉప్పు ఒకసారి వేశానా రెండుసార్లు వేశానా అని గుర్తుపెట్టుకోవడమంటే మాటలా. ఇవాళ రెండుసార్లు వేసి ఉంటుంది.

పోనీ ఆ నాలుక సంగతి కాశీనాథానికి తెలియదా అంటే, ఈ భూమ్మీద తెలిసినవాడు ఆయనొక్కడే.

ఆయనది సబ్బుల కార్ఖానా. కార్ఖానా అనగానే పెద్దగా ఊహించుకోకండి. పెరట్లో ఒక రేకుల కొట్టం, ఒక ఇనుప కడాయి, ఒక తెడ్డు, సబ్బు పోసి ఆరబెట్టే చెక్క పెట్టెలు నాలుగు. ఇంటి ముందరి గది దుకాణం. పట్నం నుంచి కాస్టిక్ సోడా డబ్బాలు వచ్చినన్నాళ్ళూ సబ్బు వండడం ఉప్మా వండినంత తేలిక. నూనెలో కాస్టిక్ నీళ్ళు పోసి కలిపితే ఆరేసరికి గట్టి బిళ్ళ. జర్మనీ యుద్ధం మొదలైన రెండో ఏడు డబ్బాలు రావడం మానేశాయి. కాశీనాథం రెండు నెలలు దుకాణం మూసి, అరుగు మీద కూర్చుని పాన్ నమిలాడు. అప్పుడు సుమిత్రమ్మే అన్నది, "మా ఎర్రవల్లిల చాకలోళ్ళు బూడిద నీళ్ళతోటే బట్టలు ఉడకబెడ్తరు. గా బూడిదతోటి సబ్బు కాదా?" అని. ఆడదాని మాట అని ఆయన తీసిపారేయలేదు, ఎందుకంటే అప్పటికి వేరే మాట చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

తుమ్మకట్టె బూడిద, ఉత్తరేణి బూడిద నీళ్ళలో నానబెట్టి, సున్నం కలిపి, తేట వంచి, కానుగ నూనెతో కాచారు. కాచారు అని అంటున్నాను కానీ తెడ్డు తిప్పింది సుమిత్రమ్మే. సబ్బు అయితే అయింది, గట్టిపడదే. ఎంత కాచినా సంకటి ముద్దలా మెత్తగా ఉండి చేతికి అంటుకుంటుంది. ఎండలో పెడితే కారిపోతుంది. మూడు కడాయిలు అట్లాగే పోయాయి. మూడోసారి కొండవ్వకు అర్థమైపోయింది, ఇది దిష్టి తప్ప మరొకటి కాదని.

"బజారుల ఎవని కండ్లు పడ్డయో నా కొడుకు పని మీద," అంటూ గుప్పెడు రాళ్ళ ఉప్పు తెచ్చి, కుతకుత ఉడుకుతున్న కడాయి చుట్టూ మూడుసార్లు తిప్పింది. తిప్పిన ఉప్పు పొయ్యిలో వేయాలి. మూడో తిప్పుకు ఆవిరి మణికట్టుకు తగిలి ఆమె చెయ్యి వదిలేసింది. ఉప్పంతా కడాయిలో పడింది.

కళ్ళ ముందే సబ్బు విరిగింది. పాలు విరిగినట్టే, ముద్ద ముద్దలుగా చీలి, నడుమ నల్లటి నీళ్ళు కనిపించాయి. "నాశనం చేస్తివి గదనే అవ్వా," అని కాశీనాథం నెత్తి కొట్టుకున్నాడు. పారబోద్దామని కడాయి చెవి పట్టుకున్నాడు కూడా. "జర ఆగుండ్రి, సల్లారనియ్యిండ్రి," అని ఆపింది సుమిత్రమ్మ. తెల్లారి చూస్తే కడాయి పైన జానెడు మందాన తెల్లటి అట్ట. గట్టిగా ఉంది, కత్తితో కోస్తే బిళ్ళగా వచ్చింది, తడిపి రుద్దితే నురగ వచ్చింది. అడుగున ఉన్నదంతా ఘాటు నీళ్ళూ మడ్డీ. దిష్టి పోయింది కనుకనే సబ్బు తేలిందని కొండవ్వ ఈనాటికీ నమ్ముతుంది. సుమిత్రమ్మ మాత్రం తర్వాతి వారం దిష్టి తిప్పకుండా ఉత్త ఉప్పు వేసి చూసింది. అప్పుడూ తేలింది.

ఆ పై ఆరు నెలలు ఆమెకు అదే ధ్యాస. బూడిద తేటతో కాచిన సబ్బు మెత్తగా ఉండడం దాని గుణమనీ, ఉప్పు పడితేనే అది గట్టి సబ్బుగా మారుతుందనీ ఆమె పట్టుకుంది. ఉప్పు నీళ్ళను తన వైపు లాక్కుంటుంది, ఆ నీళ్ళలో సబ్బు ఇమడలేక పైకి తేలుతుంది, మిగిలిపోయిన ఘాటూ మురికీ కిందికి దిగుతాయి. ఉప్పు చాలకపోతే విరగదు. మరీ ఎక్కువై సబ్బులో ఉండిపోతే నురగ రాదు, బిళ్ళ పగుళ్ళు తీస్తుంది. బూడిద ఘాటు దిగకపోతే వాడినవాళ్ళ చేతుల తోలు ఊడుతుంది. కాబట్టి తేలిన సబ్బును మళ్ళీ ఉప్పునీళ్ళలో ఉడికించాలి, ఆ తర్వాత మామూలు నీళ్ళలో ఉడికించాలి. ఎన్నిసార్లు, ఎక్కడ ఆపాలి? కంటికి కనబడదు, చేతికి దొరకదు. దాన్ని పట్టగలిగింది నాలుక ఒక్కటే. గోరంత సబ్బు తీసి నాలుక కొసన పెట్టుకుంటే, చురుక్కుమంటే ఘాటు ఉన్నట్టు, ఉప్పన తగిలితే ఉప్పు ఉన్నట్టు, రెండూ లేకుండా నూనె జిడ్డు ఒక్కటే తెలిస్తే సబ్బు అయినట్టు.

మొదటిసారి కాశీనాథమే పెట్టుకున్నాడు. పాన్‌తో, జర్దాతో మొద్దుబారిన నాలుకకు ఏం తెలుస్తుంది. పైగా వెంటనే ఉమ్మేసి, నోరు కడుక్కుని, "గిది నాతోటి కాదు. దుకాణంల కూసోని పదిమందితోటి మాట్లాడాలె నేను. ఇంట్ల ఉండేదానివి, నీకు నాలుకతోటి పనేంది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆ రోజుల్లో ఆయన ఏమన్నా ఆమెకు నవ్వు వచ్చేది.

ఆ రోజే ఆమెచేత చేతిలో చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించాడు. "నువ్వు నాలుక మీద పెట్టి చూసినవని బజారుల తెలిస్తే ఒక్క బిళ్ళ అమ్మదు. ఎంగిలి సబ్బంటరు. మడి గట్టుకునే ఇండ్లు ముట్టనే ముట్టవు. మా అవ్వకు గూడ చెప్పకు." ఆమె చెప్పలేదు. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని సామెత చెప్పిన మహానుభావుడెవరో గానీ, నాలుగేళ్ళుగా సుమిత్రమ్మ నోట్లో నానింది నువ్వుగింజ కూడా కాదు, కాగుతున్న సబ్బు. అత్తకు చెప్పలేదు, పుట్టింట్లో అన్న సిద్ధిరాములుకు చెప్పలేదు. నాలుక పొక్కినప్పుడు వేడిచేసిందని చెప్పి మజ్జిగ పుక్కిలించి ఊరుకుంది.

సబ్బు పేరు మోగింది. గజ్వేల్ దాకా పోయింది. గుడి పూజారి ఇంటికీ కాశీనాథం సబ్బే, సర్కారు కచేరీలో పనిచేసే ముసల్మాన్ల ఇళ్ళకూ కాశీనాథం సబ్బే. తలుపు వెనక నిలబడి వినేది సుమిత్రమ్మ, "నీ చేతిల ఏదో మహిమున్నది కాశీనాథం" అని కొనేవాళ్ళు అంటుంటే. "అంత దేవుని దయ" అని ఈయన అనేవాడు. దేవుడి దయ నాలుక కొసన తెల్లటి పొరలా పేరుకుంది. అయినా నిజం దాచి లాభం లేదు, ఆమె ఆ మాటలు విని పొంగిపోయేది. తన పేరు రాకపోయినా, తన ఇంటి పేరు వస్తోంది కదా అనుకునేది.

మొదట మంట. ఆ తర్వాత పొక్కులు. ఆ తర్వాత పగుళ్ళు. మూడో ఏడు దాటాక మంట తగ్గింది. తగ్గిందని ఆమె సంతోషించింది. తగ్గింది మంట కాదని, నాలుకే చచ్చిపోతోందని తెలియడానికి చాలా రోజులు పట్టింది. "నాకు చురుకు సరిగ్గ తెలుస్తలేదు," అని ఒకసారి ఆయనతో అన్నది. "అలవాటైంది నీకు. ఇంకింత పెట్టుకొని సూడు," అన్నాడు. ఇంకింత పెట్టుకుంది.

కూరల్లో ఉప్పు తేడా రావడం అప్పుడే మొదలైంది. కొండవ్వకు నోటినిండా పని దొరికింది. "పదేండ్ల సంసారం చేసిన ఆడది ఉప్పెయ్యరాకుండ బతుకుతుందంటే మా ఇంట్లనే సూడాలె" అని వచ్చినవాళ్ళందరితోనూ చెప్పేది. చుట్టాల ముందు కంచాలు పక్కకు తోసేది. అలాంటప్పుడు సుమిత్రమ్మ కాశీనాథం వైపు చూసేది. ఆమె ఒట్టు వేసిన మనిషి, ఆయన వేయలేదు. అసలు సంగతి చెప్పమనడం లేదు, "పోనీయవే అవ్వా" అని ఒక మాట అంటే చాలు. ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి ఎన్నడూ రాలేదు. మెతుకులు గెలుక్కుంటూ తల వంచుకుని కూర్చునేవాడు. తల్లి ముందు మాట్లాడలేక ఇబ్బంది పడుతున్నాడు కాబోలని ఆమె ఆయన తరఫున తనకు తానే సర్దిచెప్పుకునేది.

మొన్న దసరా అయిన నెలకు వెనకింటి మెహరాజ్ బేగం పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె కుట్టుపని చేసి బతికే మనిషి, చేతులే ఆమెకు ఆధారం. రెండు అరచేతులూ చాపి చూపించింది. తోలు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.

"బహెన్, గీ సబ్బుకు ఏమైంది? నాలుగు దినాలైంది సూది పట్టరాక. మీ మీద నారాజ్ లేదు, మీరు అసుంటోళ్ళు కారు. జర చూసుకోండ్రి అని చెప్పనీకొచ్చిన."

సుమిత్రమ్మ ఆ చేతులు పట్టుకుని ఏడ్చింది. వెన్న రాసింది. ఆ కడాయి సబ్బును ఆమె నాలుక సరే అన్నది, తను సరే అన్నందుకే ఆయన కోసి అమ్మాడు. కాశీనాథం ఆ చేతులు చూశాడు. మెహరాజ్ బేగం వెళ్ళాక సుమిత్రమ్మను కొట్టంలోకి పిలిచి, వెలుతురు వైపు తిప్పి, "నోరు తెరువు" అన్నాడు. అంగట్లో ఎద్దు పళ్ళు చూసేవాడు చూసినంత సేపు చూశాడు. "సరే, పో" అన్నాడు. దవాఖానాకు పోదామంటాడేమోనని ఆమె కాసేపు అక్కడే నిలబడింది.

పదిహేను రోజులకు ప్రజ్ఞాపూర్ సంబంధం మాట ఇంట్లోకి వచ్చింది. కాశీనాథానికి రెండో పెళ్ళి. పిల్లలు లేరు కదా అని ఊరు అనుకుంది, ఊరికి ఆ కారణం చాలు. ఇంట్లో కొండవ్వ చెప్పే కారణం ఉప్పు. కూరలో ఉప్పు తెలియదని ఇంకో పెళ్ళి చేసుకున్న మగవాణ్ణి మీరెక్కడైనా చూశారా? సుమిత్రమ్మ కూడా చూడలేదు. అందుకే ఆమె ఊరి కారణాన్నే నమ్మింది. పదేళ్ళు కడుపు పండలేదు, ఆయన మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటాడు అనుకుని, తప్పంతా తనమీద వేసుకుని, తలుపు చాటున కళ్ళు తుడుచుకుంది.

చిక్కొకటి వచ్చింది. పిల్ల తండ్రి నాగేశం బెల్లం వ్యాపారి, మాట మీద నిలబడే మనిషి. "పెద్దభార్య వచ్చి, నా ఇంట్ల కూసోని, నాకు ఇష్టమే అని తన నోటితోని చెప్తేనే పిల్లనిస్త. సవతి పోరుల నా బిడ్డను పడెయ్య" అని కబురు పెట్టాడు. అంటే సుమిత్రమ్మ మాట కావాలి. పదేళ్ళలో మొదటిసారి ఆ ఇంటికి ఆమె మాటతో అవసరం పడింది.

ఆ రోజు కాశీనాథం అరుగు మీద ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "పెద్దదానివి నువ్వే. అది నీ చేతి కింద ఉంటది. నీకు గింత పని తప్పుతది. నేనేమన్న నిన్ను ఇడిసిపెడ్తున్ననా?" అన్నాడు, ఎంతో మెత్తగా. పని తప్పుతుందన్న మాట ఆమెకు నిజంగానే తీయగా తగిలింది. ఎన్నేళ్ళయిందో నడుము వాల్చి. కాదంటే మాత్రం ఎక్కడికి పోతుంది? ఎర్రవల్లిలో అన్న ఉన్నాడు, అన్న ఇల్లు వదినది. "సరే, వస్త" అన్నది.

ముగ్గురూ బొగ్గుతో నడిచే బస్సెక్కారు. పెట్రోలు లేని యుద్ధకాలం కదా, బస్సు వెనక బొగ్గుల పొయ్యి ఒకటి తగిలించుకుని తిరిగేది. కుకునూరుపల్లి దగ్గర ఆ పొయ్యి చల్లారి ఆగింది. డ్రైవరు దిగి బొగ్గులు ఎగదోస్తుంటే కాశీనాథం దిగిపోయి, రెండు జామపండ్లు కొనుక్కొచ్చి ఒకటి తల్లికిచ్చాడు, ఒకటి సుమిత్రమ్మకిచ్చాడు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆమెకని ఏదీ కొని తెచ్చిన మనిషి కాదు. "తియ్యగున్నదా?" అని కూడా అడిగాడు. "ఉన్నది" అన్నది ఆమె. ఆ పండు ఆమె నోట్లో మన్నులా ఉంది. ఉంటుందని ఆయనకు తెలుసు. తెలిసీ అడిగాడని ఆమెకు అప్పుడు తోచలేదు. ఆయన మనసు కరిగిందనుకుని కిటికీ వైపు తిరిగి పండంతా తినేసింది, గింజలతో సహా.

నాగేశం ఇల్లు సడక్ పక్కనే. చాప వేశారు, మంచినీళ్ళిచ్చారు. పిల్ల పేరు జ్ఞానేశ్వరి. పదహారేళ్ళుంటాయేమో, కొత్తచీరలో తడబడుతూ వచ్చి కూర్చుంది. తల్లి ప్రమీలమ్మ గడప అవతల నిలబడింది. కొండవ్వ నడిపించింది, జడ చూసింది, "వంటొస్తదా?" అని అడిగింది. పిల్ల తల ఊపింది. సుమిత్రమ్మకు ఆ పిల్లను చూస్తే కోపం రాలేదు. జ్ఞానేశ్వరి మధ్యలో ఒకసారి తల ఎత్తి, అందరిలోకీ ఆమె వైపే చూసి, చిన్నగా నవ్వింది. బెదురు పోవడానికి ఎవరినో ఒకరిని పట్టుకోవాలన్నట్టు ఉంది ఆ నవ్వు.

అప్పుడు కాశీనాథం అన్నాడు, "నేనొక చిన్న పరీక్ష పెడ్త. మూడు గిలాసలల్ల నీళ్ళు తెప్పియ్యిండ్రి."

తెచ్చారు. ఆయన అటు తిరిగి, జేబులోంచి కాగితం పొట్లం తీసి, ఒక గ్లాసులో ఏదో వేసి కలిపాడు. "ఏ గిలాసల ఉప్పున్నదో చెప్పాలె." అందరూ నవ్వారు. కొండవ్వ అందరికంటే ఎక్కువ నవ్వింది. "ఉప్పు తెలిసిన పిల్ల గావాలె మాకు. ఇంట్ల ఉన్నదానికి గది లేకనే గదా ఈ తిప్పలు," అన్నది, సుమిత్రమ్మ అక్కడ కూర్చుని ఉండగానే. జ్ఞానేశ్వరి మూడు గ్లాసులూ పెదవికి తాకించి, నడిమిది చూపించింది. సరిగ్గా చెప్పింది. కాశీనాథం మళ్ళీ అటు తిరిగాడు. ఈసారి నాలుగే పలుకులు వేయడం సుమిత్రమ్మకు పక్కనుంచి కనబడింది. గ్లాసెడు నీళ్ళలో నాలుగు పలుకులు. కూర వండే ఆడదానికి అంత సన్నం ఎందుకు? ఏ కూరలోనూ అంత తక్కువ తేడా ఎవరికీ అక్కర్లేదు. అంత తేడా కావలసింది ఒక్క చోటే, ఉడికి చల్లారుతున్న సబ్బులో.

పిల్ల ఈసారీ సరిగ్గానే చెప్పింది. "ఏదీ, నాలుక సాపు," అన్నాడు కాశీనాథం. పుట్టుమచ్చ చూస్తున్నాడేమో, జాతకం కోసమేమో అనుకుని ఎవరూ ఏమీ అనలేదు. పిల్ల సిగ్గుపడుతూ నాలుక కొస చూపింది. ఎర్రగా, తడిగా, మచ్చ లేకుండా ఉంది. దాన్ని చూసినప్పుడు కాశీనాథం ముఖం ఎట్లా వెలిగిందో సుమిత్రమ్మ చూసింది. పదేళ్ళ కాపురంలో తన ముఖం చూసి ఆయన అట్లా వెలగలేదు.

ఈ పెళ్ళి ఎందుకో ఆమెకు అప్పుడు తెలిసింది. పిల్లల కోసం కాదు, కూరలో ఉప్పు కోసమూ కాదు. తన నాలుక చచ్చిపోయింది, కార్ఖానాకు ఇంకో నాలుక కావాలి. కూలికి మనిషిని పెట్టుకుంటే ఎంగిలి సంగతి బజారుకెక్కుతుంది. తాళి కట్టి తెచ్చుకుంటే ఎక్కదు. దానిచేత కూడా చేతిలో చెయ్యి వేయించుకుంటాడు. గోరంత సబ్బు నాలుక మీద పెట్టి చూడడం ఈ పిల్లకు ఎవరు నేర్పాలి? "అది నీ చేతి కింద ఉంటది" అన్నాడు కదా. తనే నేర్పాలి.

"గమ్మతైన పరీక్షే పెట్టిన్రు," అన్నాడు నాగేశం నవ్వి. "నిజంగనే పెద్దామెకు ఉప్పు తెల్వదా?"

సుమిత్రమ్మ మొగుడి వైపు చూసింది. ఇంకా ఆశ చావలేదు చూడండి. ఇంత తెలిశాక కూడా, ఒక్క మాట, ఏదో ఒక మంచి మాట అంటాడేమోనని చూసింది. ఒకప్పుడు తెలిసేదనైనా అనవచ్చు కదా.

"పుట్టుకతోటే అంతె," అన్నాడు కాశీనాథం. "నాలుక మొద్దు. మేమే ఎట్లనో సదురుకుంట వస్తున్నం."

పుట్టుకతోనట. చిన్నప్పుడు అమ్మ చేసిన మామిడికాయ తొక్కు తలుచుకుంటేనే నోరూరే మనిషి ఆమె. పులుపూ, తీపీ, చిన్న చేదూ, మెంతుల వాసనా, అన్నీ విడివిడిగా చెప్పగలిగిన నాలుక అది. ఈయన కార్ఖానాలో గోరంత గోరంత కాల్చి ఇచ్చేసింది. ఇచ్చింది సరే, ఇచ్చిందని కూడా లేకుండా చేశాడు. ఉప్పు ఎక్కువైనందుకు కొండవ్వ అన్న ప్రతి మాటా ఆయన విన్నాడు. విని మెతుకులు గెలికాడు. తల్లికి భయపడి కాదన్నమాట. ఆ మాటలు ఆయనకు ఇంకో పెళ్ళికి సాకుగా పనికొచ్చాయి.

నాగేశం గొంతు సవరించుకున్నాడు. "చెప్పు బిడ్డా. ఇష్టమేనా నీకు? నీ నోటితోని చెప్పు. నువ్వు ఊ అంటె తాంబూలం మార్చుకుందం."

కాశీనాథం ఆమె వైపు చూడలేదు. చూడాల్సిన పనే లేదన్నట్టు పంచె అంచు సర్దుకుంటున్నాడు. ఊ అంటే ఇల్లు ఉంటుంది, వంటింట్లో ఒక మూల ఉంటుంది. కాదని నోరు విప్పితే రేపటికి సిద్దిపేట అంతా తెలుస్తుంది, పూజారి ఇల్లు సబ్బు పారేస్తుంది, కార్ఖానా పొయ్యి చల్లారుతుంది, తను మాత్రం ఎక్కడుంటుందో తెలియదు. ఇదంతా ఆమె ఆలోచించింది. ఆలోచించలేదని ఎవరూ అనకూడదు. గ్లాసు ఇంకా చేతిలోనే పట్టుకుని జ్ఞానేశ్వరి ఆమె వైపే చూస్తోంది.

సుమిత్రమ్మ నిండుగా కప్పుకున్న కొంగు ముఖం మీది నుంచి తీసింది. పెద్దల ముందు, పరాయి మగవాళ్ళ ముందు అట్లా తీసింది ఆ రోజే. "ఏందే గది," అన్నది కొండవ్వ.

"కాకా, నాలుగేండ్ల సంది మా సబ్బు ప్రతి కడాయి రుచి చూసింది నేనే. ఘాటు దిగిందా లేదా, ఉప్పు పోయిందా లేదా అని, ఉడుకుతున్నది తీసి నాలుక మీద పెట్టుకొని చూసిన. ఎవ్వలికి చెప్పద్దని ఒట్టేయించుకున్నడు. ఇగ నా నాలుక పనికిరాదని మీ ఇంటికొచ్చిండు."

"పిచ్చి మాటలు మాట్లాడుతున్నది," అని కాశీనాథం లేవబోయాడు. "కూసో," అన్నాడు నాగేశం, ఆయన వైపు తిరగకుండానే.

"మీ బిడ్డ నాలుక మీరందరు చూసిన్రు గదా," అన్నది సుమిత్రమ్మ. "మా ఇంట్ల నాలుగేండ్లుంటే ఎట్లయితదో గది గూడ చూసి, అప్పుడు తాంబూలం మార్చుకోండ్రి."

అని, జ్ఞానేశ్వరికి కనబడేలా వెలుతురు వైపు తిరిగి, అంతమంది పెద్దల ముందు నాలుక బయటపెట్టింది.